ఇరవై ఎనిమిదిన్నర గంటల రోజు

రోజుకు ఇరవై నాలుగు గంటలన్నది ఉన్నచోటనే ఉండేవారికి వర్తించే లెక్క. తెనాలి నుంచి బయలుదేరి, జర్మనీలోని కొలోన్ నగరంలో కాపురమున్న కూతురి పురిటికి వెళ్ళే తల్లికి ఆ లెక్క చెల్లదు. జనవరి నెలలో ఒకానొక తేదీ ఆమెకు శంషాబాదు విమానాశ్రయపు వరుసలో నిలబడి ఉండగా, అర్ధరాత్రి పన్నెండు గంటలకు ప్రారంభమవుతుంది. అదే తేదీ కూతురి ఇంట, కొలోన్ గడియారాలు మళ్ళీ పన్నెండు కొట్టినప్పుడు ముగుస్తుంది. నడుమ గడిచిన కాలం 28 గంటల 30 నిమిషాలు. పంచాంగంలో అది ఒకే దినం. ఆమె దేహానికి మాత్రం అది దినమూ కాదు, రెండు దినాలూ కాదు.

అటువంటి తల్లిని ఊహించుకోవడం కష్టం కాదు. నేడు తెలుగునాట ఏ పట్టణంలోనైనా, ఏ వీధిలోనైనా ఆమె కనిపిస్తుంది. వయస్సు అరవై దాటింది. పదేళ్ళుగా మధుమేహం ఉన్నది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కొని చదవగలదు. మాట్లాడవలసి వస్తే తడబడుతుంది. వీసా చేతికి అందడంలో జాప్యం జరిగినందువల్ల పురుడు ఆమె వెళ్ళకముందే అయిపోయింది. పది రోజుల పసికందుతో, పచ్చి బాలింతరాలైన కూతురు అక్కడ ఎదురుచూస్తున్నది. ఇంటి వద్ద పొలం పనులు చూసుకోవలసిన భర్త వెంట రాలేడు. రెండు విమానాలు, ఒక రైలు. ఆమె ఒక్కతే వెళ్ళాలి. ఈ ఒక్క రోజును ఆమె ఎట్లా గడుపుతుందన్నదానిపైన ఆ తరువాతి మూడు నెలలు చాలావరకు ఆధారపడి ఉంటాయి.

రైలు కల్పించిన కాలం

ముందుగా ఆ నాలుగున్నర గంటలు ఎక్కడి నుంచి వచ్చినవో తెలుసుకోవాలి. భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున, అనగా నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున తిరుగుతున్నది. హైదరాబాదు సుమారు 78.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నది. కొలోన్ సుమారు 7 డిగ్రీల మీద. రెంటికీ నడుమ 71.5 డిగ్రీల ఎడము. నాలుగు నిమిషాల చొప్పున గుణిస్తే 286 నిమిషాలు. హైదరాబాదులో సూర్యుడు నడినెత్తికి వచ్చిన 4 గంటల 46 నిమిషాలకు కొలోన్‌లో నడినెత్తికి వస్తాడు. కాని గడియారాల మధ్య తేడా శీతకాలంలో నాలుగున్నర గంటలు మాత్రమే. తక్కిన పదహారు నిమిషాలు ఏమైనట్టు? వాటిని మింగినది రైలు.

రైళ్ళు రాకముందు ప్రతి ఊరికీ తన మధ్యాహ్నం తనది. ఇంగ్లండులో బ్రిస్టల్ పట్టణపు గడియారం లండన్ గడియారానికి పది నిమిషాలు వెనుక నడిచేది. గుర్రపుబండిలో వెళ్ళేవారికి ఆ తేడా తెలిసేది కాదు. రైలుకు వేళల పట్టిక అవసరమైన నాడు ఆ పది నిమిషాలు చిక్కు తెచ్చిపెట్టినవి. 1840లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే తన స్టేషనులన్నిటా లండన్ సమయాన్నే పాటించసాగినది. అమెరికా రైలు సంస్థలు 1883 నవంబరు 18న తమ దేశాన్ని కాలమండలాలుగా విభజించుకొన్నవి. 1876లో ఐర్లండు దేశపు స్టేషనులో ఒక కెనడా ఇంజనీరు రైలు తప్పిపోయి రాత్రంతా నిరీక్షించవలసి వచ్చిందనీ, వేళల పట్టికలో ఉదయానికి బదులు సాయంత్రమని అచ్చుపడడమే అందుకు కారణమనీ చెబుతారు. ఆయన పేరు శాండ్‌ఫర్డ్ ఫ్లెమింగ్. ప్రపంచమంతటికీ ఒక క్రమబద్ధమైన కాలగణన కావాలని వాదించినవారిలో ఆయన ముఖ్యుడైనాడు. 1884 అక్టోబరులో వాషింగ్టన్‌లో 25 దేశాల ప్రతినిధులు సమావేశమై గ్రీనిచ్ రేఖను మొదటి రేఖగా అంగీకరించారు.

జర్మనీకి ఒకే కాలం రావడానికి కూడా రైలే కారణం. 1891 మార్చిలో తొంభై ఏళ్ళ వృద్ధ సేనాని మోల్ట్‌కె పార్లమెంటులో లేచి, దేశంలో ఐదు రకాల కాలాలు ఉండడం రైళ్ళకూ, సైన్యాన్ని తరలించడానికీ ఎంత ఆటంకమో వివరించాడు. మరుసటి నెలలోనే ఆయన మరణించాడు. 1893 ఏప్రిల్ 1 నుంచి జర్మనీ అంతటా ఒకే కాలం అమలులోకి వచ్చినది.

మన దేశంలోనూ కథ ఇదే. బొంబాయికి, కలకత్తాకు నడుమగా ఉన్నందువల్ల మద్రాసు వేధశాల కాలాన్ని రైళ్ళు అనుసరించేవి. అది గ్రీనిచ్ కన్న 5 గంటల 21 నిమిషాలు ముందు. 1906 జనవరి 1 నుంచి 82.5 డిగ్రీల రేఖాంశాన్ని ప్రమాణంగా గ్రహించి, ఐదున్నర గంటల తేడాతో భారత ప్రామాణిక కాలాన్ని ప్రవేశపెట్టారు. ఆ రేఖ మన కాకినాడకు సమీపంగా పోతుంది. కలకత్తా తన సొంత కాలాన్ని 1948 వరకూ, బొంబాయి 1955 వరకూ విడిచిపెట్టలేదు. హైదరాబాదు ఆ రేఖకు పడమట ఉండడంవల్ల అక్కడి సూర్యుడు గడియారానికి 16 నిమిషాలు వెనుకబడి ఉంటాడు. కొలోన్ సూర్యుడు జర్మనీ గడియారానికి 32 నిమిషాలు వెనుక. ఆ రెండు వెనుకబాట్ల తేడాయే మనం వెదకిన పదహారు నిమిషాలు.

అర్ధరాత్రి నుంచి తెల్లవారుదాకా

ఉదాహరణకు ఆమె విమానం తెల్లవారుజామున నాలుగు గంటలకనుకొందాము. ముందునాడే తెనాలిలో రైలెక్కి సికింద్రాబాదులో దిగి, బంధువుల ఇంట నాలుగు మెతుకులు తిని, రాత్రి పదకొండుకు శంషాబాదు చేరుతుంది. 2008 మార్చిలో ఈ విమానాశ్రయం తెరిచే వరకూ బేగంపేటలో ఊరి నడుమనే విమానమెక్కేవారు. ఇప్పుడు ఊరు దాటి చాలా దూరం పోవాలి. ఆ రాత్రి ఆమెకు నిద్ర లేదు. ప్రయాణంలోని కష్టం సగం ఇక్కడే మొదలవుతుంది. గడియారాలు మారకముందే దేహం ఒక రాత్రిని పోగొట్టుకొంటుంది.

పెట్టెలో ఏమున్నదో అదీ ముఖ్యమే. కూతురికి ఇష్టమని పాలకోవా, పసివాడి తలంటుకని నెయ్యి కలిపిన మందు, బాలింతకు పెట్టడానికి గేదెనెయ్యి ఇవన్నీ తల్లి మనస్సు సర్దుకొమ్మని చెబుతుంది. కాని ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం బయటి దేశాల నుంచి వచ్చే ప్రయాణికులు సాధారణంగా పాల పదార్థాలను గాని, మాంస పదార్థాలను గాని వెంట తీసుకొనిపోరాదు. పచ్చి ఆకులకు, చాలా రకాల పండ్లకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. పచ్చి కరివేపాకు కట్ట ఆ లెక్కలోకే వస్తుంది. ఆవకాయ జాడీ పెద్ద పెట్టెలో పోవచ్చు. చేతిసంచిలో మాత్రం నూనె తేలే పచ్చళ్ళు తనిఖీ దాటవు. 2006లో లండన్‌లో ద్రవరూప పేలుడు పదార్థాల కుట్ర బయటపడిన నాటి నుంచి వంద మిల్లీలీటర్లకు మించిన ద్రవాలను విమానంలోకి అనుమతించడం మానివేశారు.

ఇన్సులిన్ సంగతి ఇందుకు సరిగా విరుద్ధం. దానిని పెద్ద పెట్టెలో ఎన్నడూ పెట్టరాదు. సామాను గదిలో అది గడ్డకట్టి చెడిపోవచ్చు. పెట్టె దారితప్పి మరొక దేశం చేరితే చేతిలో మందు ఉండదు. డాక్టరు చీటీతోబాటు చేతిసంచిలోనే ఉండాలి. పడమటికి పోయేటప్పుడు రోజు పొడవవుతుంది గనుక, భోజనాలకూ మోతాదులకూ నడుమ ఎడము మారుతుంది. ఎప్పుడు ఎంత వేసుకోవాలో బయలుదేరకముందే డాక్టరు చేత కాగితం మీద వ్రాయించుకోవడం మంచిది. ఆ కాగితంపైన వేళలన్నీ భారత కాలంలోనే ఉండి, చేతి గడియారం కూడా గమ్యం చేరేవరకూ భారత కాలమే చూపిస్తూ ఉంటే పొరపాటుకు తావు తక్కువ.

నాలుగు గంటలు ఎగిరి విమానం దుబాయిలో దిగేసరికి మన గడియారం ఎనిమిది చూపుతుంది, అక్కడిది ఆరున్నర. హైదరాబాదులో ఎండ వచ్చి గంట దాటినది. దుబాయిలో ఇంకా పొద్దు పొడవలేదు. ఆమె తెల్లవారుజామును వెనుక విడిచి వచ్చినట్లయినది. అది నిదానంగా ఆమెను వెంబడించి, రెండవ విమానం కోసం కూర్చున్న అద్దాల గదిలోకి ఏడు గంటలు దాటాక వచ్చి చేరుతుంది.

ఈ మజిలీలోనే ఒంటరి ప్రయాణికులు ఎక్కువగా కంగారు పడతారు. అంతర్జాతీయ ప్రయాణికుల సంఖ్యలో 2014లో లండన్ హీత్రోను మించిపోయిన విమానాశ్రయమది. ఒక ద్వారం నుంచి మరొక ద్వారానికి భూగర్భపు రైలులో కూడా పోవలసి రావచ్చు. మన పెద్దవారు అనేకులు కాళ్ళు బాగానే ఉన్నా చక్రాల కుర్చీ కావాలని టిక్కెట్టు కొన్నప్పుడే వ్రాయించుకొంటారు. వారికి కావలసినది కుర్చీ కాదు, దారి చూపే మనిషి. నడవలేనివారికోసం ఏర్పడిన సదుపాయం భాష రానివారికి ఆసరా అయినది. అయితే నిజంగా నడవలేనివారు దానికోసం కాచుకొని ఉంటారు గనుక, అవసరాన్ని చెప్పి నడిచి వెంట వచ్చే సహాయాన్ని కోరడం ఉచితం. కొన్ని విమాన సంస్థలు అటువంటి ఏర్పాటు కూడా చేస్తాయి.

సూర్యునితో పరుగు

రెండవ విమానం స్థానిక కాలం ఎనిమిదిన్నరకు బయలుదేరి, ఏడు గంటలు ప్రయాణించి, ఫ్రాంక్‌ఫర్టులో మధ్యాహ్నం పన్నెండున్నరకు దిగుతుంది. ఏడు గంటలు గడిచినా గడియారం నాలుగు గంటలే కదిలినది. కిటికీ పక్కన కూర్చున్నవారికి ఎండ దాదాపు ఒకే తీరుగా పడుతూ ఉంటుంది. భూమధ్యరేఖ వద్ద భూమి ఉపరితలం గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగంతో తూర్పునకు తిరుగుతున్నది. ఫ్రాంక్‌ఫర్టు ఉన్న 50 డిగ్రీల అక్షాంశం వద్ద ఆ వేగం సుమారు 1,070 కిలోమీటర్లు. జెట్ విమానపు వేగం సుమారు 900. ఉత్తరానికి పోయినకొద్దీ పడమటి దిక్కుగా ఎగిరే విమానం భూమి తిరుగుడుకు దగ్గర దగ్గరగా పోటీ వస్తుంది. సూర్యుడు ఆకాశంలో నత్తనడక నడుస్తాడు. 1976లో ప్రయాణికుల సేవకు వచ్చి 2003లో విరమించిన కాంకార్డ్ విమానం ఆ పోటీలో గెలిచినది. అందులో ఉదయం లండన్ విడిచినవారు న్యూయార్కులో దిగేసరికి, అక్కడి గడియారం తాము బయలుదేరిన వేళకన్న ముందు వేళనే చూపేది.

కొలోన్‌లో జనవరి మధ్యకాలపు పగలు ఎనిమిది గంటల పైచిలుకు మాత్రమే. హైదరాబాదులో పదకొండు గంటల పైచిలుకు. ఆమెకు దుబాయిలో పొద్దు పొడిచి కొలోన్‌లో పొద్దు గుంకేవరకు ఇంచుమించు పదమూడు గంటల పగలు. అటు ఎదురుచూసే కూతురికి గాని, ఇటు సాగనంపిన భర్తకు గాని ఆ రోజు అంతటి పగలు లేదు.

పూర్వులకు ఈ వింత అనుభవంలోకి రాలేదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చాడు. దారి పొడుగునా ఆయన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు వ్రాసి పంపినదే కాశీయాత్ర చరిత్ర. మద్రాసుకూ కాశీకీ సూర్యుని లెక్కన ఉన్న తేడా పదకొండు నిమిషాలు. ఆ పదకొండు నిమిషాలను ఆయన నెలల తరబడి సాగిన మజిలీలలో అరిగించుకొన్నాడు. ఆ తరువాత ఓడలలో సీమకు పోయిన మనవారు కూడా రాత్రికింత చొప్పున గడియారం వెనక్కు తిప్పుకొంటూ, మూడు వారాలలో మెల్లగా ఆ దేశపు కాలానికి అలవాటుపడేవారు. 1948 జూన్ 8న మలబార్ ప్రిన్సెస్ అనే ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్ విమానం బొంబాయి నుంచి కైరో, జెనీవాల మీదుగా లండన్‌కు ఎగిరిన నాటి నుంచి ఆ మెల్లదనం మన జీవితంలో నుంచి తొలగిపోసాగినది.

దేహంలోని గడియారం

విమానంలో గాలి నేల మీది గాలి వంటిది కాదు. పది కిలోమీటర్లకు పైని ఎత్తున ఎగురుతూ ఉన్నప్పుడు లోపలి పీడనాన్ని సుమారు 8,000 అడుగుల కొండమీద ఉండేదానికి తగ్గకుండా చూస్తారు; కొన్ని కొత్త విమానాలలో 6,000 అడుగులకు సమానంగా ఉంచుతారు. ఉదకమండలం ఎత్తు ఈ రెంటి నడుమ ఉంటుంది. గాలిలో తేమ ఇరవై శాతానికి తక్కువ. నోరు ఎండుతుంది, ఉప్పు, తీపి రుచులు మందగిస్తాయి. విమానంలో పెట్టిన భోజనం చప్పగా ఉందని వంటవానిని నిందించేవారు తమ నాలుకను కూడా కొంత అనుమానించాలి. నీరు తరచుగా త్రాగాలి. మరుగుదొడ్డికి లేవవలసి వస్తుందని భయపడి నీరు మానడం మన స్త్రీలలో ఎక్కువ, అది పొరపాటు. లేవడమే మంచిది.

కదలకుండా కూర్చున్నవారి పిక్కలలో రక్తం గడ్డకట్టే అపాయం ఉన్నది. నాలుగు గంటలకు మించిన ప్రయాణాల తరువాత ఆ అపాయం సుమారు రెండింతలవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెలువరించిన పరిశోధనా ఫలితాలు తెలిపినవి. విమానంలోనే గాక రైలు, బస్సు, కారు ప్రయాణాలలోనూ ఇది వర్తిస్తుంది. భయపడవలసినంత తరచుగా జరిగేది కాదు. సుమారు ఆరువేల మందిలో ఒకరికి. గంటకొకసారి నడవలో నాలుగడుగులు వేయడం, కూర్చున్నచోటనే మడమలు, కాలివ్రేళ్ళు ఆడించడం ఎవరికైనా సాధ్యమైన పని.

అసలు చిక్కు మెదడులో ఉన్నది. కంటి నరాలు రెండూ ఒకదానినొకటి దాటే చోటుకు పైన, ఇరవై వేల నాడీకణాలతో కూడిన చిన్న గుంపు దేహానికి ప్రధాన గడియారంగా పనిచేస్తున్నది. నిద్ర, శరీరోష్ణం, ఆకలి, హార్మోనులు దాని ఆజ్ఞను అనుసరిస్తాయి. కాలేయానికి, క్లోమానికి కూడా సొంత గడియారాలున్నవి. అవి భోజన వేళలను బట్టి నడుస్తాయి. కణంలో ఈ గడియారం ఎట్లా తిరుగుతున్నదో ఈగల జన్యువులలో కనిపెట్టిన ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులు హాల్, రాస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమానం లభించినది. ప్రధాన గడియారాన్ని ప్రతి దినమూ సరిచేసేది వెలుగు. చీకటిలో దాని మానాన దానిని విడిచిపెడితే అది ఇరవై నాలుగు గంటలకన్న కొద్ది నిమిషాలు ఎక్కువ తీసుకొంటుంది. అందువల్లనే రోజును సాగదీయడం దానికి తేలిక, కుదించడం కష్టం. పడమటికి పోయినవారు త్వరగా కోలుకొని, తూర్పునకు తిరిగివచ్చినవారు ఎక్కువ నాళ్ళు అవస్థపడడానికి కారణమిదే. స్థూలంగా ఒక్కొక్క గంట తేడాకు ఒక్కొక్క రోజు పడుతుందని అంచనా.

వెలుగే మందన్నప్పుడు ఆ తల్లి చేయవలసినదేమిటో స్పష్టమే. రెండవ విమానంలో కొంత కునుకు తీయవచ్చు. కొలోన్ చేరిన తరువాత ఎంత అలసట ఉన్నా, అక్కడి రాత్రి తొమ్మిది దాకా మేలుకొని ఉండాలి. మిగిలిన కాస్త ఎండలో నాలుగడుగులు నడవాలి.

రైలుపెట్టెలో చివరి గంట

ఫ్రాంక్‌ఫర్టులో వీసా తనిఖీ వద్ద అధికారి అడిగే ప్రశ్నలు రెండు మూడే: ఎక్కడికి, ఎందుకు, ఎన్నాళ్ళు? కూతురు పంపిన ఆహ్వాన పత్రం, తిరుగు టిక్కెట్టు, కనీసం 30,000 యూరోల ఆరోగ్య బీమా పత్రం ఒకే సంచిలో పైనే ఉంచుకొంటే మాటల కొరత తెలియదు. ఆ వీసా మీద నూట ఎనభై రోజుల కాలంలో తొంభై రోజులకు మించి ఉండరాదు. 2025 అక్టోబరు నుంచి ఐరోపా సరిహద్దులలో పాస్‌పోర్టు ముద్రకు బదులుగా ప్రయాణికుల వివరాలను, ముఖచిత్రాన్ని యంత్రంలో నమోదు చేయడం ప్రారంభించారు. గడువు దాటిన ఒక్క రోజు కూడా ఇక యంత్రం దృష్టిని తప్పించుకోదు.

విమానం దిగినచోటనే దూరప్రాంతపు రైళ్ళ స్టేషను ఉన్నది. దానిని 1999లో తెరిచారు. మన రైళ్ళకు అలవాటుపడినవారికి అక్కడ కొన్ని సంగతులు కొత్త. టిక్కెట్టు ఉన్నంతమాత్రాన సీటు ఉన్నట్టు కాదు. సీటును వేరుగా కేటాయింపించుకోవాలి. ప్లాట్‌ఫారం మీద అక్షరాల బోర్డులుంటాయి. తన పెట్టె ఏ అక్షరం వద్ద ఆగుతుందో చూసుకొని ముందే అక్కడ నిలబడాలి. రైలు కొద్ది నిమిషాలే ఆగుతుంది. తలుపు మీట నొక్కితేగాని తెరుచుకోదు. సామాను ఎత్తడానికి కూలీలు ఉండరు. ఎత్తలేనంత బరువు పెట్టెను తెచ్చుకోకపోవడం తెనాలిలోనే తీసుకోవలసిన నిర్ణయం.

జర్మనీ రైళ్ళు గడియారాన్ని దిద్దుకొనేటంత కచ్చితంగా వస్తాయన్న నమ్మకం మనలో చాలామందికి ఉన్నది. మోల్ట్‌కె పట్టుదలతో ఒకే కాలానికి వచ్చిన ఆ దేశంలో 2024లో దూరప్రాంతపు రైళ్ళలో వేళకు చేరినవి సుమారు 62 శాతం మాత్రమే. అదీ ఆరు నిమిషాలలోపు ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోకుండా. కనుక విమానానికీ రైలుకూ నడుమ రెండు గంటలైనా వ్యవధి ఉండడం మంచిది. విమానమూ రైలూ కలిపి ఒకే టిక్కెట్టుగా కొంటే, విమానం ఆలస్యమై రైలు తప్పినప్పుడు తరువాతి రైలులో పంపే బాధ్యత అమ్మినవారిది. వేరువేరుగా కొన్న టిక్కెట్లయితే ఆ నష్టం ప్రయాణికునిదే కావచ్చు.

ఫ్రాంక్‌ఫర్టు, కొలోన్‌ల నడుమ 2002లో వేసిన కొత్త మార్గంలో రైలు గంటకు 300 కిలోమీటర్ల వేగాన్ని అందుకొంటుంది. పాత మార్గం రైన్ నది ఒడ్డున వంకరలు తిరుగుతూ పోతుంది. కొత్తది కొండలమీద, సొరంగాలలో సూటిగా పోతుంది. దాని ఎక్కుడు కొన్నిచోట్ల 25 అడుగులకు ఒక అడుగు. బొంబాయి పైనున్న మన బోర్ ఘాట్ మార్గం 37కు ఒకటి; అక్కడ వెనుక నుంచి నెట్టే ఇంజనులు కావలసి వస్తాయి. ఈ రైలుకు మోటారులు ఒకచోట లేవు; రైలు పొడుగునా చక్రాలకు పంచిపెట్టబడినవి. అందుకే అంతటి ఎగువను వేగం తగ్గకుండా ఎక్కగలదు.

రెండున్నరకు ఎక్కిన రైలు మూడున్నరకు రైన్ నది వంతెన దాటి కొలోన్ చేరుతుంది. స్టేషను పక్కనే 157 మీటర్ల ఎత్తైన జంట శిఖరాల క్రైస్తవ దేవాలయం. 1248లో శంకుస్థాపన జరిగి, 1880లో పూర్తయిన కట్టడమది. అప్పుడు తెనాలిలో రాత్రి ఎనిమిది. భర్త భోజనానికి కూర్చునే వేళ. ఆమెకు ఇంకా ఆ రోజు ఎనిమిదిన్నర గంటలు మిగిలి ఉన్నది.

జమాఖర్చు

ఎంత మేలుకొని ఉన్నా, మొదటి రాత్రులలో ఆమెకు రెండు మూడు గంటలకే మెలకువ వస్తుంది. కొలోన్‌లో తెల్లవారుజామున మూడయితే తెనాలిలో ఏడున్నర. ఆమె కాఫీ త్రాగి, వాకిట్లో పనులు ముగించుకొనే సమయం. ఊరంతా నిద్రపోతున్న ఆ జాములో ఆ ఇంట మరొకరు కూడా మేలుకొని ఉంటారు. పుట్టిన బిడ్డకు పగలూ రాత్రీ తేడా తెలియదు. దేహంలోని గడియారం వెలుగుకు, చీకటికి అనుగుణంగా కుదురుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అంతవరకు ప్రతి రెండు మూడు గంటలకూ లేస్తూనే ఉంటుంది. నాలుగున్నర గంటల తేడా ఉన్న అమ్మమ్మ, ఏ గడియారమూ లేని మనుమడు ఆ జాములో ఒకరికొకరు తోడు. పాలిచ్చి పడుకొన్న తల్లి పది రోజుల తరువాత మొదటిసారిగా వరుసగా మూడు గంటలు నిద్రపోతుంది. వైద్యులు రుగ్మతగా వర్ణించే ఆ మెలకువ మొదటి వారంలో ఆ ఇంటికి జరిగిన పెద్ద సహాయం.

జనవరి మధ్యలో ప్రవేశించినవారి తొంభై రోజుల గడువు ఏప్రిల్ మధ్యకు ముగుస్తుంది. ఈలోగా మార్చి నెల చివరి ఆదివారం తెల్లవారుజామున జర్మనీ గడియారాలన్నీ ఒక గంట ముందుకు జరుగుతాయి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1916లో జర్మనీ ప్రారంభించిన పద్ధతి అది. ఆ రాత్రి ఆమె పడుకొని లేచేసరికి, జనవరిలో దొరికిన నాలుగున్నర గంటలలో ఒక గంట తిరిగి చెల్లిపోతుంది. ఏప్రిల్‌లో తూర్పునకు పయనించే రోజున మిగిలిన మూడున్నర గంటలు చెల్లిస్తుంది. ఆ రోజు ఆమెకు ఇరవైన్నర గంటలే. దేహానికి కష్టమైన దిక్కు కూడా అదే గనుక, ఇంటికి చేరిన వారం రోజుల వరకు పగలు నిద్ర, రాత్రి మెలకువ తప్పవు.

వెళ్ళిన దారినే తిరిగివచ్చేవారి లెక్క ఇట్లా సరిపోతుంది. భూమిని పూర్తిగా చుట్టివచ్చినవారికే అది సరిపోదు. మాజెలాన్ నౌకాదళంలో మిగిలిన ఒక్క ఓడ 1522 జూలైలో కేప్ వర్డ్ దీవులకు చేరినప్పుడు, తాము బుధవారమని తలచిన రోజు అక్కడ గురువారమని విని నావికులు విస్తుపోయారు. రోజు తప్పకుండా దినచర్య వ్రాసిన పిగఫెట్టా తన లెక్కలో తప్పు లేదని తెలుసుకొని మరింత ఆశ్చర్యపడ్డాడు. పడమటి దిక్కుగా పోతూ మూడేళ్ళలో వారు దినానికి కొద్ది కొద్దిగా సాగదీసుకొన్న కాలమంతా కలిసి ఒక పూర్తి రోజైనది.

తెనాలి తల్లి ఖాతాలో అటువంటి శేషమేమీ ఉండదు. నాలుగున్నర జమ, ఒకటీ మూడున్నరా ఖర్చు. ఆమె బయలుదేరే నాటికి మనుమడికి మూడు నెలలు నిండి ఉంటాయి. రాత్రి దీపం తీసివేస్తే పడుకొని, వెలుగు వచ్చాక లేవడం అప్పటికి వాడికి అలవాటవుతుంది. విమానాశ్రయానికి తెల్లవారకముందే ఆమెను తీసుకొనిపోయేటప్పుడు వాడిని నిద్ర లేపనక్కరలేదు.